ఆటిజం ఉన్న పిల్లల నిద్ర: మీ ప్రశ్నలు, మా జవాబులు

ఆటిజం ఉన్న పిల్లల్లో సగానికి పైగా నిద్రతో ఇబ్బంది పడతారు. కొందరికి పడుకున్నాక గంటల తరబడి నిద్ర పట్టదు. కొందరు నడిరాత్రి లేచి కూర్చుంటారు. ఇంకొందరికి తెల్లవారుజామున నాలుగింటికే తెల్లవారిపోతుంది. ఈసారి అందిన ప్రశ్నల్లో ఎక్కువ భాగం దీని గురించే కాబట్టి ఒకే రకంగా ఉన్నవాటిని కలిపి జవాబులిస్తున్నాం.

మీ సమస్య వీటిలో ఏదైనా, ముందు రెండు వారాల పాటు ఒక నోటుబుక్కు పెట్టండి. పడుకోబెట్టిన సమయం, నిజంగా నిద్ర పట్టిన సమయం, రాత్రి ఎన్నిసార్లు లేచింది, అప్పుడు మీరేం చేసింది, పొద్దున లేచిన సమయం, పగటి కునుకులు రాయండి. బండిలో వస్తూ తూగిన పది నిమిషాలు కూడా రాయండి. కింద చెప్పేవాటిలో చాలా వరకు ఆ లెక్కల మీదే ఆధారపడతాయి.

ప్రశ్న: మా బాబుకి ఐదేళ్లు. రాత్రి 9 గంటలకే లైట్లు తీసేసి పడుకోబెడతాం. 11:30 దాకా, ఒక్కోసారి 12 దాకా మంచం మీద గెంతుతూ, తనలో తను నవ్వుకుంటూ ఉంటాడు. కోప్పడితే ఇంకా రెచ్చిపోతాడు. పొద్దున లేపితే లేవడు. ఇంత మొండితనం ఎందుకు?

జవాబు: ఇది మొండితనం కాదు. వాడికి 9 గంటలకు నిద్ర రావడం లేదు, అంతే. పిల్లల్ని పెందలాడే పడుకోబెట్టాలన్నది మంచి మాటే గానీ, మాకు కనిపించే పొరపాట్లలో అన్నిటికన్నా ఎక్కువగా ఉండేది కూడా అదే.

నిద్ర రావడానికి రెండు జరగాలి. మేలుకుని ఉన్నకొద్దీ మెదడులో నిద్ర ఒత్తిడి పెరుగుతూ పోవాలి. దాంతోపాటు ఒంట్లోని గడియారం ‘ఇక రాత్రయింది’ అని చెప్పాలి. ఆ చెప్పే పనిని మెలటోనిన్ అనే హార్మోను చేస్తుంది. ఆటిజం ఉన్న పిల్లల్లో కొందరికి అది తక్కువగా తయారవుతుంది. ఇంకో సంగతి చాలామందికి తెలియదు. సహజంగా నిద్ర పట్టే వేళకు ముందు రెండు మూడు గంటలు మెదడు బాగా చురుగ్గా ఉండే సమయం. 11:45కి నిద్రపోయే పిల్లాణ్ణి 9 గంటలకు మంచమెక్కిస్తే సరిగ్గా ఆ చురుకు వేళలోకే తోసినట్టు. రోజూ రెండున్నర గంటలు అలా గడిచేసరికి మంచమంటే గెంతే చోటని వాడికి అలవాటైపోతుంది.

అందుకే పడుకోబెట్టే వేళను ముందు వెనక్కి జరిపి, తర్వాత కొద్దికొద్దిగా ముందుకు తేవాలి. నోటుబుక్కులో చివరి వారం చూసి, నిద్ర పట్టిన సమయాల సగటు తీయండి. అది 11:40 వచ్చిందనుకుందాం. మొదటి రాత్రి నుంచి 11:45కి ముందు మంచం దగ్గరికే తీసుకెళ్లకండి. పొద్దున లేపే సమయం మాత్రం 7 అంటే 7, సెలవు రోజైనా సరే. నిద్ర తగ్గిపోతుందని భయపడకండి. ఇంతకు ముందు కూడా ఆ గంటల్లో వాడు నిద్రపోవడం లేదు కదా.

పడుకున్న 20 నిమిషాల్లోపే నిద్రపోవడం వరసగా మూడు రాత్రులు జరిగితే, ఆ వేళను 15 నిమిషాలు ముందుకు తెండి. నిద్ర పట్టకపోతే మర్నాడు 15 నిమిషాలు ఆలస్యం చేసి, మళ్లీ మొదలుపెట్టండి. 11:45 నుంచి 9:30కి రావాలంటే తొమ్మిది మెట్లు, అంటే అంతా సాఫీగా సాగినా దాదాపు నెల. మూడు నుంచి ఐదేళ్ల పిల్లలకు పగటి నిద్రతో కలిపి రోజుకు 10 నుంచి 13 గంటలు, ఆరు నుంచి పన్నెండేళ్ల వారికి 9 నుంచి 12 గంటలు అవసరం. మీ బాబు ఎక్కడ ఆగాలో వాడి పగటి హుషారు చూసి తేల్చుకోండి. తొమ్మిదిన్నర గంటల నిద్రతో రోజంతా బాగుంటే, లెక్క కోసం ఇంకా ముందుకు లాగక్కర్లేదు.

ఇది చెడిపోయే తీరులు కొన్ని ఉన్నాయి. ఆదివారం పది దాకా పడుకోనిస్తే వారమంతా కూడబెట్టిన క్రమం ఒక్క పూటలో పోతుంది. సాయంత్రం థెరపీ నుంచి వస్తూ బండిలో పావుగంట కునుకు తీసినా రాత్రి నిద్ర గంట వెనక్కి పోవచ్చు. ఆ దారిలో పక్కన కూర్చుని మాట్లాడిస్తూ ఉండండి. ఎదురుచూసే ఆ రెండు గంటలూ చేతికి ట్యాబ్ ఇవ్వడం మరో పొరపాటు. తెర వెలుగు మెలటోనిన్‌ను అణచేస్తుంది, అందులోని ఆట మెదడును లేపుతుంది. ఆ సమయంలో మంచానికి దూరంగా, వెలుగు తగ్గించిన గదిలో, వాడికి బాగా అలవాటైన నిదానమైన పనులు పెట్టండి: బ్లాకులు, బొమ్మల పుస్తకం, పూసలు గుచ్చడం. పొద్దున లేచిన వెంటనే అరగంట ఆరుబయట వెలుగులో ఉంచడం కూడా ఇందులో భాగమే. ఒంటి గడియారాన్ని ముందుకు తిప్పేది ఆ వెలుగే.

పడుకునే ముందు అరగంట ఏం జరుగుతుందో బొమ్మలతో చూపించండి. నాలుగు నుంచి ఆరు బొమ్మలు చాలు: ట్యాబ్ పెట్టేయడం, పళ్లు తోముకోవడం, బాత్రూం, రాత్రి బట్టలు, పుస్తకం, లైటు తీయడం. ఒక్కొక్కటి అయ్యాక ఆ బొమ్మను వాడి చేతే తీయించి ‘అయిపోయింది’ సంచిలో వేయించండి. వాడికి నచ్చని పని మొదట్లో, హాయినిచ్చేది చివర్లో ఉండాలి. పళ్లు తోమించుకోవడం ఇష్టంలేని పిల్లాడికి అది లైటు తీయడానికి ముందు పనిగా పెడితే, ఆ గొడవతో వచ్చిన నిద్ర కూడా పోతుంది. స్నానం కొందరిని సేదదీరుస్తుంది, కొందరిని ఉత్సాహపరుస్తుంది. మీ బాబు రెండో రకమైతే స్నానాన్ని సాయంత్రానికి మార్చండి.

ప్రశ్న: మా పాపకి ఏడేళ్లు. పక్కన పడుకుని జోకొడితేనే నిద్రపోతుంది. రాత్రి ఒంటిగంటకు, మళ్లీ నాలుగింటికి లేచి ఏడుస్తుంది. మళ్లీ జోకొట్టాల్సిందే. ఏడ్చినా వదిలేస్తే అదే అలవాటవుతుందని కొందరు అంటున్నారు. వదిలేయొచ్చా?

జవాబు: వద్దు. ముఖ్యంగా తల బాదుకునే, చేతులు కొరుక్కునే, వాంతి చేసుకునే పిల్లల విషయంలో ఆ పద్ధతి పనికిరాదు. దెబ్బలు తగులుతాయి, నాలుగో రాత్రికి ఎవరి మనసైనా కరుగుతుంది. అప్పుడు పిల్ల నేర్చుకునేది ‘ఇంకాస్త గట్టిగా, ఇంకాస్త సేపు ఏడవాలి’ అని మాత్రమే.

రాత్రి అందరికీ నాలుగైదు సార్లు మెలకువ అంచుకు వస్తుంది. పెద్దవాళ్లం పక్కకు తిరిగి పడుకుంటాం, పొద్దున గుర్తుండదు. మీ పాప కళ్లు తెరిచేసరికి, నిద్రపోయినప్పుడు ఉన్న చేయి లేదు. అందుకే లేస్తుంది. కాబట్టి మార్చాల్సింది ఒంటిగంటకు మీరు చేసే పనిని కాదు, పడుకోబెట్టేటప్పుడు చేసే పనిని. నిద్రపోయేటప్పుడు గది ఎలా ఉందో తెల్లవారేదాకా అలాగే ఉండాలి. పాట పెట్టి తర్వాత ఆపేయడం, లైటు ఉంచి ఆమె నిద్రపోయాక తీయడం కూడా ఇలాంటివే.

మొదటి మూడు నాలుగు రాత్రులు పక్కన పడుకోండి గానీ జోకొట్టకండి, చేయి మాత్రం ఆనించండి. తర్వాత మూడు నాలుగు రాత్రులు మంచం అంచున కూర్చోండి. ఆ తర్వాత మంచం పక్కన కుర్చీలో. అక్కడి నుంచి మూడు నాలుగు రాత్రులకోసారి కుర్చీని అడుగు, రెండడుగులు తలుపు వైపు జరపండి. గుమ్మం దగ్గరికి, చివరికి గుమ్మం బయటికి. ఆమె లేచి వస్తే మాటలు పెట్టుకోకుండా, అదే చిన్న మాట అదే గొంతుతో చెప్పి మళ్లీ పడుకోబెట్టండి. కళ్లలోకి చూడటం, బుజ్జగించడం, మందలించడం అన్నీ ఆమెకు ఆటే.

చాలా ఇళ్లలో ఇది విఫలమయ్యేది నడిరాత్రి. సాయంత్రం కుర్చీ గది మధ్యకు వచ్చి ఉంటుంది. ఒంటిగంటకు నిద్రమత్తులో అమ్మ వెళ్లి పక్కన పడుకుంటుంది. ఆ వారం కుర్చీ ఎక్కడుందో ఒంటిగంటకూ అక్కడే కూర్చోవాలి. అది చేయగల ఓపిక ఉన్న వారాల్లోనే మొదలుపెట్టండి. పరీక్షలు, ప్రయాణాలు, జ్వరాలు ఉన్నప్పుడు వద్దు.

ఇంకో రకం నడిరాత్రి మెలకువ ఉంది. పిల్లాడు రెండింటికి లేచి ఏడవకుండా రెండు గంటలు హాయిగా ఆడుకుని మళ్లీ పడుకుంటాడు. 8కి పడుకోబెట్టి 7కి లేపే ఇంట్లో ఇది తరచు కనిపిస్తుంది. వాడికి కావాల్సింది 9 గంటల నిద్ర, మీరు మంచం మీద ఉంచింది 11 గంటలు. మిగిలిన రెండు గంటలు రాత్రి నడుమ బయటపడుతున్నాయి. దానికి కుర్చీ పద్ధతి కాదు, పైన చెప్పినట్టు పడుకునే వేళను ఆలస్యం చేయడమే మందు. ఆ రెండు గంటల్లో ట్యాబ్ ఇచ్చారంటే మాత్రం మెలకువకు బహుమతి దొరికినట్టే.

ప్రశ్న: తెలిసినవాళ్లు చెబితే 5 మిల్లీగ్రాముల మెలటోనిన్ గమ్మీలు తెప్పించాం. మొదటి మూడు వారాలు అద్భుతంగా పనిచేసింది. ఇప్పుడు రెండేసినా నిద్ర రావడం లేదు. మూడు వేయొచ్చా?

జవాబు: వేయకండి. డాక్టరుతో మాట్లాడే దాకా మోతాదు అస్సలు పెంచకండి.

పైన చెప్పిన పద్ధతులు సరిపోనప్పుడు, మందుల్లో ముందుగా ఆలోచించేది మెలటోనినే. అమెరికన్ అకాడమీ ఆఫ్ న్యూరాలజీ 2020లో ఆటిజం పిల్లల కోసం ఇచ్చిన మార్గదర్శకాలు కూడా ఆ వరసే చెబుతాయి: ముందు వేరే కారణాలు వెతకడం, తర్వాత అలవాట్లు సరిచేయడం, అప్పుడు మెలటోనిన్. పడుకునే ముందు 30 నుంచి 60 నిమిషాలకు, 1 నుంచి 3 మిల్లీగ్రాములతో మొదలు. అవసరమైతే మెల్లగా పెంచడం, రోజుకు 10 మించకుండా. మీరు మొదలుపెట్టిందే 5 దగ్గర.

గమ్మీలతో ఉన్న చిక్కు ఏమిటంటే లోపల ఎంత ఉందో తెలియదు. 2023లో అమెరికాలో 25 రకాల గమ్మీలను పరీక్షిస్తే 22 రకాల్లో లేబుల్ మీద రాసిన మోతాదుకూ లోపల ఉన్నదానికీ పది శాతానికి మించి తేడా వచ్చింది. ఒకదానిలో అసలు మెలటోనినే లేదు. అందుకే డాక్టరు రాసిచ్చిన మందు నాణ్యత గల మాత్రే వాడాలి. పైగా గమ్మీ పిల్లలకు చాక్లెట్ లాంటిది, సీసా చేతికందితే ఖాళీ చేసేస్తారు.

మొదట్లో పనిచేసి తర్వాత ఆగిపోవడానికి ఒక కారణం తెలుసు. కొందరు పిల్లల కాలేయం మెలటోనిన్‌ను చాలా నెమ్మదిగా కరిగిస్తుంది. రోజూ వేసేది కొంచెం కొంచెం పేరుకుని పగలు కూడా ఒంట్లో ఎక్కువగానే ఉంటుంది. పగలూ రాత్రీ ఒకేలా ఉంటే, ‘రాత్రయింది’ అనే కబురుకు విలువ ఉండదు. ఇలాంటి పిల్లలకు మోతాదు పెంచితే ఇంకా చెడుతుంది. కొన్ని వారాలు ఆపి, మునుపటికన్నా బాగా తక్కువ మోతాదుతో మళ్లీ మొదలుపెడితే పనిచేయవచ్చు. ఇది డాక్టరు చూసుకుంటూ చేయాల్సిన పని. ఫ్లూవాక్సమిన్ అనే మందు వాడుతున్న పిల్లల్లో కూడా మెలటోనిన్ ఇలాగే విపరీతంగా పెరుగుతుంది. వాడుతున్న మందులన్నీ డాక్టరుకు చూపించండి.

ఇంకో విషయం. మామూలు మెలటోనిన్‌లో సగం దాదాపు ఒక గంటలోనే ఖర్చయిపోతుంది. నిద్ర పట్టడానికి పనికొస్తుంది గానీ మూడింటికి వచ్చే మెలకువను ఆపలేదు. అలాంటి వారికి నెమ్మదిగా విడుదలయ్యే రకం ఉంది. ఆటిజం పిల్లల కోసం ఐరోపాలో 2018లో అనుమతించిన చిట్టి మాత్ర ఆ కోవలోదే. నెమ్మదిగా విడుదలయ్యే మాత్రను నూరినా, కొరికినా ఆ గుణం పోతుంది, మింగాల్సిందే.

జలుబు సిరప్పులతో నిద్రపుచ్చే అలవాటు గురించీ కొందరు అడిగారు. వాటిలో ఉండే అలెర్జీ మందుల మత్తుకు ఒళ్లు కొద్ది రోజుల్లోనే అలవాటుపడిపోతుంది. కొందరు పిల్లలు వాటితో నిద్రపోవడానికి బదులు ఇంకా రేగిపోతారు. వాటిలో ప్రొమెథజీన్‌ను రెండేళ్ల లోపు పిల్లలకు ఇవ్వనే కూడదు, ఊపిరి ఆగే ప్రమాదముంది.

ప్రశ్న: మా అబ్బాయి ఎనిమిది గంటలు నిద్రపోయినా పొద్దున చిరాకుగా, అలసటగా లేస్తాడు. రాత్రంతా కాళ్లు తంతూనే ఉంటాడు. గురక కూడా ఉంది.

జవాబు: ఎన్ని గంటలన్నది కాదు, ఎలాంటి నిద్ర అన్నది ఇక్కడ చూడాలి. రెండు వేర్వేరు అనుమానాలున్నాయి, రెండింటికీ పరీక్ష కావాలి.

కాళ్ల విషయంలో ముందు ఐరన్ చూడాలి. తినే రకాలు చాలా తక్కువగా ఉన్న పిల్లల్లో ఇది మరీ ముఖ్యం. హిమోగ్లోబిన్ సరిగా ఉన్నా నిల్వలు తక్కువ ఉండొచ్చు, కాబట్టి ఫెరిటిన్ అనే పరీక్ష అడగండి. రక్తహీనతకు చూసే హద్దు కన్నా ఇక్కడ హద్దు ఎక్కువ: కాళ్లు కదిలే ఇబ్బంది ఉన్నప్పుడు ఫెరిటిన్ 50 కంటే తక్కువుంటే ఐరన్ ఇవ్వడం గురించి ఆలోచిస్తారు. జ్వరం, ఇన్ఫెక్షన్ ఉన్నప్పుడు ఫెరిటిన్ పైకి చూపిస్తుంది, తగ్గాక చేయించండి. డాక్టరు ఐరన్ రాస్తే పాలతో ఇవ్వకండి, ఒంటబట్టదు. విటమిన్ సి తోడైతే బాగా పడుతుంది. మలం నల్లబడటం మామూలే. మలబద్ధకం వస్తే మాత్రం చెప్పండి, అది మళ్లీ నిద్ర చెడగొడుతుంది. పరీక్ష లేకుండా సొంతంగా ఐరన్ మొదలుపెట్టకండి, సీసాను తాళంలో ఉంచండి. పిల్లలు ఎక్కువ తాగేస్తే ప్రాణాపాయం.

గురక వారంలో మూడు రాత్రులు గానీ అంతకన్నా ఎక్కువ గానీ ఉందా, మధ్యలో ఊపిరి ఆగి ఒక్కసారిగా పీల్చుకుంటున్నాడా, మెడ వెనక్కి విరిచి నోరు తెరిచి పడుకుంటున్నాడా, తల చెమటతో తడుస్తోందా, మానేసిన పక్క తడపడం మళ్లీ మొదలైందా చూడండి. వీటిలో ఏవి ఉన్నా చెవి ముక్కు గొంతు డాక్టరుకు చూపించాలి. టాన్సిల్స్, ముక్కు వెనక ఉండే అడినాయిడ్స్ పెరిగి గాలి దారి మూసుకుపోవడం పిల్లల్లో ఎక్కువగా కనిపించే కారణం. వెళ్లేముందు ఫోనులో రెండు నిమిషాల వీడియో తీయండి: చొక్కా పైకి జరిపి ఛాతీ కదలిక కనిపించాలి, గురక వినిపించాలి. నిద్ర పరీక్ష రాస్తే ఒంటికి అంటించే వైర్లను తట్టుకోవడం ఈ పిల్లలకు కష్టం. రెండు వారాల ముందు నుంచే ఇంట్లో ఒక్కో స్టిక్కరు, ఒక్కో దారం చేతికి, ఛాతీకి, నుదుటికి అంటిస్తూ అలవాటు చేయండి.

ప్రశ్న: బరువు దుప్పటి కొనమంటున్నారు. ఉపయోగం ఉంటుందా?

జవాబు: నిద్ర గంటలు పెరుగుతాయని ఆశ పెట్టుకోకండి. 2014లో ఆటిజం పిల్లల మీద జరిగిన పరిశోధనలో మామూలు దుప్పటితో పోలిస్తే నిద్రలో తేడా రాలేదు. కానీ పిల్లలకూ తల్లిదండ్రులకూ అది నచ్చింది. పిల్లాడికి హాయిగా ఉంటే వాడండి. తనంతట తను తీసుకోలేని పిల్లలకూ, పసివాళ్లకూ వేయకూడదు, తల మీదికి రాకూడదు.

దానికన్నా ముందు ఖర్చులేనివి చూడండి. మెడ దగ్గర లేబుల్ కత్తిరించడం, కుట్లు గుచ్చుకుంటే బట్టలు తిరగేసి తొడగడం, తలుపు సందులోంచి వచ్చే వెలుగు ఆపడం, బయటి చప్పుళ్లను కప్పేలా ఫ్యాను లాంటి ఒకే తీరు శబ్దం ఉంచడం.

ప్రశ్న: మాటలు రాని మా బాబు ఎప్పుడూ బాగానే పడుకునేవాడు. పది రోజులుగా రాత్రుళ్లు లేచి అరుస్తున్నాడు, చెవి దగ్గర కొట్టుకుంటున్నాడు.

జవాబు: ఈ వారమే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. బాగా పడుకునే పిల్లాడికి హఠాత్తుగా నిద్ర చెడితే, వేరే కారణం తేలేదాకా అది నొప్పి అనే అనుకోవాలి. ‘ఆటిజం పిల్లలు ఇంతే’ అనే మాటతో సరిపెట్టుకోకండి, ఎవరన్నా అలా అంటే మళ్లీ అడగండి. చెవి, పళ్లు, గొంతు, పొట్ట, చర్మం వరసగా చూడమనండి. మలబద్ధకం గురించి ప్రత్యేకంగా చెప్పండి. రోజూ కొంచెం వెళ్తున్నా లోపల గట్టిపడి ఉండొచ్చు. పడుకోగానే దగ్గు, వెనక్కి విరుచుకోవడం ఉంటే కడుపులోని ఆమ్లం పైకి తన్నుతోందేమో చూడాలి.

ఫిట్స్ సంగతి కూడా మనసులో పెట్టుకోండి. ఆటిజం పిల్లల్లో అవి ఇతరులకన్నా ఎక్కువ, కొన్ని నిద్రలోనే వస్తాయి. నిద్రలో భయపడి అరవడం సాధారణంగా నిద్రపోయిన మొదటి రెండు మూడు గంటల్లో వస్తుంది, మళ్లీ తమంతట తామే పడుకుంటారు. ఫిట్స్ రాత్రి ఏ వేళైనా రావచ్చు. ప్రతిసారీ అచ్చు ఒకేలా ఉంటాయి: అదే చేయి కొట్టుకోవడం, అదే వైపు చూపు, నోటి నుంచి చొంగ. ఐదు నిమిషాలు దాటితే వెంటనే ఆస్పత్రికి. తక్కువసేపైనా వీడియో తీసి న్యూరాలజిస్టుకు చూపించండి.

ప్రశ్న: మా పాప రాత్రి లేచి తలుపు తీసుకుని బయటికి వెళ్తోంది. మాకు కంటి మీద కునుకు లేదు. గదికి బయట గొళ్లెం పెట్టేయమంటున్నారు.

జవాబు: బయట గొళ్లెం పెట్టకండి. మంటలు లేచినా, ఊపిరి ఆడకపోయినా పాప బయటికి రాలేదు. గది తలుపుకు తీయగానే మోగే అలారం బిగించండి. వీధి తలుపుకు ఆమెకు అందని ఎత్తులో గడియ పెట్టండి, పెద్దవాళ్లు చీకట్లో కూడా తీయగలిగేలా ఉండాలి. కిటికీలకు పట్టీలు, గ్యాసు కట్టేయడం, మందులకు తాళం, బీరువాను గోడకు బిగించడం కూడా అదే రోజు చేయండి.

ఇక మీ నిద్ర. ఇద్దరూ రాత్రంతా సగం సగం మేలుకుని ఉండటం కన్నా వంతులు వేసుకోండి. ఒకరు రెండింటి దాకా, ఇంకొకరు ఆ తర్వాత. వంతు లేనివారు వేరే గదిలో తలుపు వేసుకుని పడుకోవాలి, అలారం మోగినా లేవక్కర్లేదు. ఒక్కరే చూసుకునే ఇంట్లో వారానికి ఒక రాత్రి అయినా ఇంకొకరు వచ్చి పడుకునే ఏర్పాటు అడిగి చేసుకోండి. ఆ మనిషికి పైన చెప్పిన బొమ్మల వరస, మీరు వాడే చిన్న మాట, కుర్చీ ఉన్న చోటు ఒక కాగితం మీద రాసివ్వండి.